వృద్ధుల్లో గుండె జబ్బుల ముప్పు - రక్తంలోని శోథ సూచికలు తెలిపేదెంత?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు పైబడిన వారి సంఖ్య సుమారు 10 కోట్ల 38 లక్షలు. ఈ వయస్సు వారి మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులు ప్రధాన కారణమన్నది విదితమే. ఇవి పట్టణాల్లోని సంపన్నులకు మాత్రమే వచ్చే జబ్బులనే అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది కాలంలో సంభవించిన 1,354 మరణాలకు గల కారణాలను కుటుంబ సభ్యులను విచారించి నమోదు చేసిన ఒక అధ్యయనం 2006లో వెలువడి, ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ గ్రామాల్లో 32 శాతం మరణాలు గుండె, రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన జబ్బుల వల్లనే సంభవించాయి. గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమాన పాళ్లలో ఉన్నాయి.

ఈ నేపథ్యంలో గుండె పరీక్షల ప్యాకేజీలలో రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ సరసన ‘హెచ్.ఎస్. సి.ఆర్.పి.’ అనే మరొక పేరు కూడా చేరింది. పరీక్ష నివేదికలో ఈ అంకె ఎక్కువగా ఉన్నదని తెలియగానే గుండెపోటు తప్పదని భయపడేవారు కొందరైతే, తక్కువగా ఉన్నదని రక్తపోటు మాత్రలు మానివేసేవారు మరికొందరు. వయోవృద్ధుల విషయంలో ఈ రెండు వైఖరులూ ప్రమాదకరమైనవే. ఈ పరీక్ష ఏమి కొలుస్తుంది, దాని ఫలితాన్ని ఎంతవరకు విశ్వసించవచ్చు, ఎక్కడ విశ్వసించరాదు అనే అంశాలపై గత మూడు దశాబ్దాల్లో జరిగిన పరిశోధనలు చాలావరకు స్పష్టతనిచ్చాయి.

శోథ అంటే ఏమిటి?

దెబ్బ తగిలినప్పుడు, సూక్ష్మజీవులు ప్రవేశించినప్పుడు శరీరం చేసే రక్షణ చర్యను వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అని, తెలుగులో శోథ అని వ్యవహరిస్తారు. ఎరుపెక్కడం, వేడి, వాపు, నొప్పి దీని బాహ్య లక్షణాలు. వాడుకలో దీనిని వాపు అనే అంటారు గాని, కంటికి కనిపించే వాపు ఏదీ లేకుండానే ఈ ప్రక్రియ రక్తనాళాల గోడలలో ఏళ్ల తరబడి సాగగలదు. ధమనుల లోపలి పొర కిందికి చేరిన చెడు కొలెస్ట్రాల్‌ను తొలగించడానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుతాయి. కొవ్వును మింగిన ఆ కణాలు అక్కడే చిక్కుకుపోయి, మరిన్ని కణాలను రప్పించే రసాయనాలను విడుదల చేస్తాయి. క్రమంగా అక్కడ కొవ్వు గడ్డ ఏర్పడుతుంది. దానిపై ఉండే పలుచని పొర శోథ కారణంగా బలహీనపడి చిట్లినప్పుడు రక్తం గడ్డకట్టి ధమని మూసుకుపోతుంది. ఇదే గుండెపోటు. ధమని ఎంత ఇరుకుగా ఉన్నదనే దానికంటే ఆ పొర ఎంత బలహీనంగా ఉన్నదన్నదే తరచుగా నిర్ణాయకమవుతుంది.

ఇటువంటి ప్రక్రియ శరీరంలో ఎక్కడ జరుగుతున్నా ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయన సంకేతం రక్తం ద్వారా కాలేయానికి చేరుతుంది. ఆ సంకేతం అందుకున్న కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్, క్లుప్తంగా సి.ఆర్.పి., అనే మాంసకృత్తును పెద్ద మొత్తంలో తయారు చేస్తుంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని గుర్తించారు. న్యుమోనియా క్రిమిలోని ‘సి’ అనే పదార్థంతో చర్య జరుపుతున్నందున దీనికి ఆ పేరు వచ్చింది. దాదాపు ఏడు దశాబ్దాల పాటు ఇది అంటువ్యాధుల తీవ్రతను తెలుసుకునే పరీక్షగానే పరిగణింపబడింది. 1997లో అమెరికాకు చెందిన పాల్ రిడ్కర్ బృందం, ఆరోగ్యంగా ఉన్న పురుష వైద్యుల రక్త నమూనాలను పరీక్షించి, సి.ఆర్.పి. స్వల్పంగా ఎక్కువగా ఉన్నవారికే తదుపరి సంవత్సరాలలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చినట్లు వెల్లడించిన తరువాత హృద్రోగ నిపుణుల దృష్టి దీనిపైకి మళ్లింది.

వయస్సు మీరిన వారిలో ప్రత్యేకత

వయస్సు పెరిగే కొద్దీ ఏ జబ్బూ లేకపోయినా రక్తంలో శోథ సూచికలు కొంత పెరుగుతాయి. ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ 2000 సంవత్సరంలో ఈ పరిస్థితికి ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టారు. వార్ధక్య శోథ అని దీనిని అనువదించుకోవచ్చు. దీనికి కారణాలు అనేకం. పొట్ట చుట్టూ చేరే కొవ్వు స్వయంగా ఇంటర్‌ల్యూకిన్-6ను ఉత్పత్తి చేస్తుంది. చిగుళ్ల జబ్బులు, పొగాకు, మధుమేహం, మూత్రపిండాల బలహీనత తలా కొంత చేరుస్తాయి. ఇటీవలి కాలంలో వెల్లడైన మరొక కారణం మరింత ఆసక్తికరమైనది. ఎముక మజ్జలోని మూలకణాలలో వయస్సుతో పాటు జన్యు మార్పులు చోటు చేసుకుని, మార్పు చెందిన కణాల సంతతి రక్తంలో విస్తరిస్తుంది. డెబ్బై ఏళ్లు దాటిన వారిలో పది శాతానికి మించి ఈ పరిస్థితి కనిపిస్తుంది. వీరికి గుండె ధమనుల జబ్బు ముప్పు ఇతరులకంటే 1.9 రెట్లు ఉన్నట్లు 2017లో వెలువడిన పరిశోధన పేర్కొన్నది. ఆ కణాల నుంచి పుట్టే తెల్ల రక్తకణాలు శోథను అతిగా ప్రేరేపించడమే ఇందుకు కారణమని ప్రయోగాలు సూచించాయి.

భారతీయ సంతతి విషయంలో మరొక అంశం గమనార్హం. లండన్‌లో స్థిరపడిన భారత ఉపఖండపు పురుషులను, యూరోపియన్ పురుషులను పోల్చి చూసిన 2001 నాటి అధ్యయనంలో, మనవారి సి.ఆర్.పి. సగటున 17 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. పొట్ట వద్ద కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఈ వ్యత్యాసానికి ప్రధానంగా కారణమని పరిశోధకులు నిర్ధారించారు. నడుము కొలిచే టేపుతో తెలియవలసిన విషయమే రక్త పరీక్షలో మరొక రూపంలో కనిపించిందని దీనిని బట్టి భావించవచ్చు.

వృద్ధులపైనే ప్రత్యేకంగా జరిగిన అధ్యయనాలలో రెండు పేర్కొనదగినవి. అమెరికాలోని ‘కార్డియోవాస్కులర్ హెల్త్ స్టడీ’లో 65 ఏళ్లు పైబడి, అంతవరకు గుండె, రక్తనాళాల జబ్బు లేని 3,971 మంది స్త్రీ పురుషులను పదేళ్ల పాటు గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. లీటరు రక్తంలో 3 మిల్లీగ్రాములకు మించి సి.ఆర్.పి. ఉన్నవారికి, 1 మిల్లీగ్రాము కంటే తక్కువ ఉన్నవారితో పోలిస్తే గుండె ధమనుల జబ్బు ముప్పు 1.45 రెట్లు ఉన్నది. పిట్స్‌బర్గ్, మెంఫిస్ నగరాలలో 70 నుంచి 79 ఏళ్ల మధ్య వయస్కులైన 2,225 మందిపై జరిగిన ‘హెల్త్ ఎ.బి.సి.’ అధ్యయనం ఫలితాలు 2003లో వెలువడ్డాయి. ఇందులో గుండె ధమనుల జబ్బు, పక్షవాతం, గుండె వైఫల్యం మూడింటితోనూ స్పష్టమైన సంబంధం కనిపించిన సూచిక సి.ఆర్.పి. కాదు, ఇంటర్‌ల్యూకిన్-6. సి.ఆర్.పి. ఆ వయస్సులో గుండె వైఫల్యాన్ని మాత్రమే స్పష్టంగా సూచించగలిగింది. డెబ్బై దాటిన తరువాత సి.ఆర్.పి. పెరగడానికి కారణాలు ఎన్నో ఉండటం వల్ల గుండెకు సంబంధించిన సంకేతం వాటిలో కొంత మరుగున పడటం అనూహ్యమేమీ కాదు.

ఇటువంటి ఫలితాలను వార్తగా రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ముప్పు 45 శాతం ఎక్కువ అనగానే వందలో 45 మందికి గుండెపోటు వస్తుందని పాఠకులు అర్థం చేసుకునే అవకాశమున్నది. ఉదాహరణకు సి.ఆర్.పి. తక్కువగా ఉన్న వందమంది వృద్ధులలో పదేళ్లలో 20 మందికి జబ్బు వస్తుందనుకుంటే, ఎక్కువగా ఉన్న వందమందిలో 29 మందికి వస్తుందని దాని అర్థం. మిగిలిన 71 మందికి రాదు. తక్కువగా ఉన్నవారిలో 20 మందికి వచ్చిన సంగతి కూడా మరువరాదు.

నివేదికలోని అంకెను చదవడం

అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సంయుక్తంగా 2003లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువ ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటినట్లయితే ఆ ఫలితాన్ని గుండెకు అన్వయించరాదు. అంటువ్యాధి గాని, మరేదైనా శోథ గాని ఉన్నదేమో వెదికి, అది తగ్గిన తరువాత తిరిగి పరీక్షించాలి. రెండు వారాల వ్యవధిలో రెండుసార్లు పరీక్షించి సగటు తీసుకోవాలని కూడా ఆ మార్గదర్శకాలు సూచించాయి. పరగడుపున ఉండవలసిన అవసరం లేదు.

ఆచరణలో పొరపాట్లు మూడు చోట్ల జరుగుతుంటాయి. మొదటిది కొలమానం. కొన్ని ప్రయోగశాలలు లీటరుకు మిల్లీగ్రాములలో, మరికొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఫలితం ఇస్తాయి. డెసిలీటరుకు 0.3 అన్నా, లీటరుకు 3 అన్నా ఒక్కటే. ఈ తేడా గమనించకపోతే ముప్పు ఉన్న వ్యక్తి సురక్షితుడని, సురక్షితుడు రోగి అని పొరబడే ప్రమాదమున్నది. రెండవది, సాధారణ సి.ఆర్.పి. పరీక్షకు, హెచ్.ఎస్. పరీక్షకు గల భేదం. రెండూ కొలిచేది ఒకే మాంసకృత్తును. జ్వరాలు, చీము గడ్డలు వంటి సందర్భాలలో చేసే సాధారణ పరీక్ష అధిక మోతాదులను గుర్తించడానికి ఉద్దేశించినది కాగా, గుండెకు సంబంధించిన స్వల్ప తేడాలను తెలుసుకోవడానికి అధిక సూక్ష్మత గల హెచ్.ఎస్. పరీక్ష అవసరం.

మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది, పరీక్ష చేసిన సమయం. శోథ మొదలైన కొద్ది గంటల్లోనే సి.ఆర్.పి. పెరగడం ప్రారంభమై, దాదాపు రెండు రోజులలో పతాక స్థాయికి చేరుతుంది. కారణం తొలగిన తరువాత ప్రతి 19 గంటలకు సగం చొప్పున తగ్గుతుంది. జలుబు, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, పంటి చీము, జారిపడి తగిలిన దెబ్బ, ఇటీవల జరిగిన శస్త్రచికిత్స, వేయించుకున్న టీకా, ఇవన్నీ ఆ అంకెను మార్చగలవు. వృద్ధులకు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ జ్వరం లేకుండానే రావచ్చును. కీళ్లవాతం ఉన్నవారిలో అంకె నిరంతరం ఎక్కువగానే ఉంటుంది. అయితే దానిని పూర్తిగా తోసిపుచ్చడం కూడా సరికాదు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు వాస్తవంగానే అధికం.

గ్రామీణ ప్రయోగశాలల్లో సైతం చేసే ఈ.ఎస్.ఆర్. పరీక్షను గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఇది కూడా శోథ సూచికే గాని వయస్సుతో సహజంగా పెరుగుతుంది. పురుషులకు వయస్సులో సగం, స్త్రీలకు వయస్సుకు పది కలిపి అందులో సగం వరకు ఉండవచ్చునన్నది వైద్యులు పాటించే ఒక స్థూల లెక్క. ఆ ప్రకారం డెబ్బై ఏళ్ల స్త్రీకి 40 వరకు ఉన్నా ఆందోళన చెందనవసరం లేదు. రక్తహీనతలోనూ ఇది పెరుగుతుంది. గుండె ముప్పు అంచనాకు దీనిని ఉపయోగించడం లేదు.

పొగా? నిప్పా?

సి.ఆర్.పి. గుండె జబ్బుకు కారణమా, లేక లోపల రగులుతున్న నిప్పును తెలిపే పొగ మాత్రమేనా అనే ప్రశ్న పరిశోధకులను చాలాకాలం వేధించింది. దీనికి సమాధానం జన్యు అధ్యయనాల ద్వారా లభించింది. పుట్టుకతోనే సి.ఆర్.పి. ఎక్కువగా ఉండేటట్లు చేసే జన్యు భేదాలు కొందరికి ఉంటాయి. సి.ఆర్.పి. స్వయంగా హాని చేసేదయితే వీరికి గుండె జబ్బులు ఎక్కువగా రావాలి. సుమారు 1,94,000 మంది సమాచారాన్ని క్రోడీకరించి 2011లో ప్రచురించిన పరిశీలనలో అటువంటిదేమీ కనిపించలేదు. ఇందుకు భిన్నంగా, ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాన్ని బలహీనపరచే జన్యు భేదం ఉన్నవారికి గుండె జబ్బు తక్కువగా ఉన్నట్లు 2012లో రుజువైంది. అనగా సి.ఆర్.పి. పొగ. నిప్పు దానికి పైనున్న సంకేత వ్యవస్థలో ఉన్నది. కేవలం సి.ఆర్.పి. అంకెను తగ్గిస్తుందని చెప్పి విక్రయించే ఏ పదార్థమైనా గుండెను కాపాడుతుందని భావించడానికి ఆధారం లేదు.

ఆ నిప్పును ఆర్పితే ప్రయోజనముంటుందా అనే విషయంపై జరిగిన చికిత్సా ప్రయోగాలు మిశ్రమ ఫలితాలనిచ్చాయి. గతంలో గుండెపోటు వచ్చి, సి.ఆర్.పి. 2 లేదా అంతకు మించి ఉన్న 10,061 మందిపై జరిగిన ‘కాంటోస్’ ప్రయోగంలో కానకినుమాబ్ అనే ఇంజెక్షన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండానే, మూడు నెలలకు 150 మిల్లీగ్రాముల మోతాదులో, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలను కలిపి 15 శాతం తగ్గించగలిగింది. 2017లో వెలువడిన ఈ ఫలితం శోథ సిద్ధాంతానికి తొలి ప్రత్యక్ష రుజువు. అయితే మందు తీసుకున్నవారిలో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలలో తేడా రాలేదు. నిరోధక శక్తి సన్నగిల్లిన వృద్ధుల విషయంలో ఇది చిన్న లోపం కాదు. గుండె జబ్బుల చికిత్సకు ఈ మందును అనుమతించడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో నిరాకరించింది.

కీళ్లవాతానికి చవకగా లభించే మెథోట్రెక్సేట్‌ను 4,786 మందిపై పరీక్షించగా గుండెకు ఎటువంటి మేలూ కనిపించలేదు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన ఔషధమిది. క్యాన్సర్, కీళ్లవాతం చికిత్సలలో దాని స్థానం చెక్కుచెదరనిది. గుండె విషయంలో మాత్రం అది సంబంధిత సంకేతాలను తగ్గించలేకపోయింది. శోథను తగ్గించే మందులన్నీ ఒకటి కావని ఈ ప్రయోగం నిరూపించింది.

మూడవ మందు కొల్చిసిన్. గౌట్ వాతానికి తరతరాలుగా వాడుతున్న ఈ ఔషధం మన అడవులలో పెరిగే అడవినాభి మొక్కలోనూ ఉన్నది. దీర్ఘకాలిక గుండె ధమనుల జబ్బు ఉన్న 5,522 మందిపై జరిపి 2020లో ప్రకటించిన ప్రయోగంలో రోజుకు 0.5 మిల్లీగ్రాముల కొల్చిసిన్ గుండె సంబంధిత దుర్ఘటనలను 31 శాతం తగ్గించింది. 2023లో అమెరికాలో ఈ ప్రయోజనానికి అనుమతి లభించింది. అయితే గుండెపోటు వచ్చిన వెంటనే 7,062 మందికి ఇచ్చి చూసిన మరొక పెద్ద ప్రయోగంలో 2024లో ప్రయోజనం కనిపించలేదు. మూత్రపిండాలు బలహీనపడిన వృద్ధులలో ఇది విషపూరితం కాగలదు. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లతో కలిసినప్పుడు ప్రమాదం మరింత అధికం. అడవినాభి దుంప తిని ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. కనుక దీనిని నాటు వైద్యంగా ప్రచారం చేయడం ఎంతమాత్రం తగదు.

నొప్పి మాత్రలతో పొరపాటు

శోథ గుండెకు చేటు అయినపుడు, శోథను తగ్గించే నొప్పి మాత్రలు గుండెకు మేలు చేయాలి కదా అనే తర్కం సహజంగానే వినవస్తుంది. వాస్తవం ఇందుకు విరుద్ధం. మోకాళ్ల నొప్పులకు విస్తృతంగా వాడిన రోఫెకాక్సిబ్ అనే మాత్ర గుండెపోటును, పక్షవాతాన్ని పెంచుతున్నదని తేలడంతో తయారీదారు 2004 సెప్టెంబరులో దానిని ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించుకున్నారు. డైక్లోఫెనాక్ వంటి ఇతర నొప్పి మాత్రలకు కూడా వేర్వేరు స్థాయిలలో ఈ దోషమున్నది. ఇవి రక్తపోటును పెంచుతాయి, ఒంటిలో నీరు నిలువ చేస్తాయి, మూత్రపిండాలపై భారం మోపుతాయి. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి ఈ మాత్రలు మింగే వృద్ధులు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. సి.ఆర్.పి. పరీక్షకంటే వారి మాత్రల సంచిని పరిశీలించడమే ముందుగా చేయవలసిన పని అనడం అతిశయోక్తి కాదు.

శోథ ఒక్కసారిగా ఎగసినప్పుడు కూడా గుండెకు ప్రమాదమే. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇన్‌ఫ్లుయెంజా నిర్ధారణ అయిన తరువాతి ఏడు రోజులలో గుండెపోటు ముప్పు సాధారణ సమయం కంటే ఆరు రెట్లు ఉన్నట్లు 2018లో వెల్లడైంది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన వారికి ఫ్లూ టీకా ఇచ్చి చూసిన 2,571 మంది ప్రయోగంలో ఏడాది కాలంలో మరణాలు, తిరిగి వచ్చే గుండెపోట్లు, స్టెంట్ మూసుకుపోవడం కలిపి 28 శాతం తగ్గినట్లు 2021లో ప్రకటించారు. వృద్ధులలో గుండె రక్షణ చర్యగా ఫ్లూ టీకాకు లభించవలసినంత ప్రచారం ఇంకా లభించలేదు.

పరీక్ష ఎవరికి ఉపయోగం?

రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, పొగాకు అలవాటు లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా స్టాటిన్ మాత్రలు ప్రారంభించాలా వద్దా అనే సందేహం మిగిలిన సందర్భంలో హెచ్.ఎస్. సి.ఆర్.పి. తోడ్పడుతుంది. 2 లేదా అంతకు మించి ఉంటే దానిని ముప్పును పెంచే అంశాలలో ఒకటిగా అమెరికా మార్గదర్శకాలు 2018 నుంచి పరిగణిస్తున్నాయి. 17,802 మందిపై జరిగి 2008లో వెలువడిన ‘జూపిటర్’ ప్రయోగం దీనికి ఆధారం. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా లేకపోయినా సి.ఆర్.పి. 2 దాటిన వారికి రోసువాస్టాటిన్ ఇవ్వగా గుండె సంబంధిత దుర్ఘటనలు 44 శాతం తగ్గాయి. వారిలో డెబ్బై ఏళ్లు, ఆపైబడిన 5,695 మందిలో తగ్గుదల 39 శాతం. అయితే సి.ఆర్.పి. తక్కువగా ఉన్నవారిని ఆ ప్రయోగంలో చేర్చుకోలేదు. వారికి కూడా అంతే మేలు జరిగి ఉండేదా అనే ప్రశ్నకు అందులో సమాధానం లేదు. అప్పటికే గుండెపోటు వచ్చినవారికి, మధుమేహం ఉన్న వృద్ధులకు స్టాటిన్ అవసరాన్ని నిర్ణయించడానికి సాధారణంగా ఈ పరీక్ష కోసం వేచి ఉండనక్కరలేదు.

ప్రజారోగ్య కార్యక్రమాల దృష్ట్యా చూసినప్పుడు, దేశంలో 2010లో ప్రారంభమైన అసాంక్రమిక వ్యాధుల నివారణ జాతీయ కార్యక్రమం కింద ముప్పై ఏళ్లు పైబడిన వారందరికీ రక్తపోటు, మధుమేహం, కొన్ని రకాల క్యాన్సర్లకు పరీక్షలు జరపాలని నిర్దేశించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన ముప్పు పట్టికలు వయస్సు, లింగం, పొగాకు, రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్ ఆధారంగా రూపొందాయి. రక్త పరీక్ష వీలుకాని చోట ఎత్తు, బరువులతో అంచనా వేయడానికి వేరొక పట్టిక ఉన్నది. రెండింటిలోనూ సి.ఆర్.పి. ప్రస్తావన లేదు. ఈ పట్టికలు 74 ఏళ్లతో ముగుస్తాయి. అంతకు పైబడిన వారి విషయంలో ముప్పు అంచనా, చికిత్స నిర్ణయం పరీక్షించే వైద్యుని విచక్షణకే వదిలివేయబడింది.